రెండో జత కళ్ళు

ఎర్ర కోటు వేసుకుని పిట్టల్ని చూడ్డానికి వచ్చినవాణ్ణి నా జన్మలో ఒక్కణ్ణే చూశాను. అది మామూలు ఎరుపు కాదు. దాన్ని చూస్తే కోళ్ళు తెల్లారిందనుకుని కూస్తాయి.

బస ముందు వ్యాను ఎక్కబోతున్న అతనికి మా అమ్మడు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి. ఈ కోటుతోనే వస్తారా?"

"చలిగా ఉందండీ."

"పిట్టలకి కళ్ళుంటాయి. మీరు అల్లంత దూరాన ఉండగానే ఎగిరిపోతాయి."

"మంచిదేగా! ఎగిరేటప్పుడే కదా బాగా కనిపిస్తాయి."

వ్యానులో అందరూ నవ్వారు. అమ్మడు నవ్వలేదు.

"తిరగేసి తొడుక్కోండి."

పాపం, తొడుక్కున్నాడు. కుట్లు, జేబు సంచులు, మెడ దగ్గర చీటీ, అన్నీ బయటికొచ్చాయి. అతను పళ్ళ డాక్టరు. ఊళ్ళోవాళ్ళ నోళ్ళు తెరిపించేవాడు తన నోరు మూసుకున్నది అప్పుడే మొదటిసారి అని తర్వాత నాతో చెప్పుకున్నాడు.

అమ్మడంటే నా కూతురి కూతురు. రైలింజను నడుపుతుంది. శీతాకాలం రాగానే సెలవు పెట్టి పిట్టల వెంట పడుతుంది. ఈసారి పరదేశంలో నదులు, అడవులు, చిత్తడి నేలలు తిరిగే యాత్ర. తోడుగా నేను. అక్కడి చలి ఎంతటిదంటే, మొదటిరోజు మీసం మెలేస్తే టప్పున విరిగి చేతికొచ్చింది. నమ్మకపోతే మీ ఇష్టం.

డాక్టరు సంగతి వేరు. రావలసింది వాళ్ళ మేనత్త. ఆవిడకి మడమ బెణికితే, "నా బదులు నువ్వెళ్ళి చూసిరారా" అని మేనల్లుణ్ణి పంపింది. అతని లెక్కలో పక్షులు రెండే రకాలు. చిన్నవన్నీ కాకులు, పెద్దవన్నీ కొంగలు.

ఈ గుంపుకో కట్టుబాటుంది. యాత్రకి పెద్దదిక్కు మాస్టారు. ఆయన సాయంత్రం హీటరు చుట్టూ అందర్నీ కూర్చోబెట్టి ఆనాటి పక్షుల పేర్లు ఒక్కొక్కటే చెబుతారు. చూసినవాళ్ళు "చూశాను" అనాలి. అపురూపమైన పక్షయితే ఒక్కరు చూస్తే చాలదు. అదే క్షణంలో ఇంకొకరు కూడా చూసుండాలి. దాన్ని వాళ్ళు 'రెండో జత కళ్ళు' అంటారు. అవి లేకపోతే ఆ పక్షి రానట్టే లెక్క.

అమ్మడికి ఈ పద్ధతి కొత్తేం కాదు. ఇంజనులోనూ అంతేనట. సిగ్నల్ కనబడగానే డ్రైవరు "గ్రీన్!" అని కేకెయ్యాలి. పక్కనున్న అసిస్టెంటు తన కళ్ళతో తాను చూసి మళ్ళీ "గ్రీన్!" అనాలి. ఒకరి మాట విని ఇంకొకరు అనడం కుదరదు.

అలాంటి పిల్ల కిందటేడు పరువు పోగొట్టుకుంది. రెల్లులో దాక్కునే గోధుమరంగు కొంగ ఒకటుంది. మహా టక్కరిది. మనిషి అలికిడైతే ముక్కు ఆకాశానికెత్తి రెల్లుకాడలా బిగుసుకుపోతుంది. గాలికి రెల్లు ఊగితే తానూ ఊగుతుంది. అమ్మడు "అదిగో!" అంటే గుంపంతా పూటంతా ఊపిరి బిగబట్టి చూసింది. చివరికి పడవ దగ్గరికి పోనిస్తే, కుళ్ళిన మోడు! ఆనాటినుంచి ఆమె అందరికీ 'మోడు మేడం'. సిగ్నళ్ళు చూసే కళ్ళని అంతమాటంటే ఆమె ఊరుకుంటుందా?

"ఈసారి ఆ కొంగని చూపించి తీరతాను తాతయ్యా" అంది విమానం ఎక్కుతూనే.

చిత్తడి నేల అంచున ఒక చెక్కగది ఉంది. గోడలో కళ్ళెత్తున సన్నటి సందు. అందులోంచి చూడాలి. ఒక పొద్దున మిగతావాళ్ళు నది వైపు వెళితే, అమ్మడూ డాక్టరూ నేనూ అక్కడ కూర్చున్నాం. మొదటి ఇద్దరూ కాపలా, నేను కునుకు.

"డాక్టర్ గారూ, చూడండి! నడుస్తోంది! మోడు కాదు, నడుస్తోంది!"

ఆమె గుసగుసకి నాకు మెలకువొచ్చేసరికి బయట రెల్లు మాత్రమే ఊగుతోంది.

సాయంత్రం మాస్టారు ఆ కొంగ పేరెత్తగానే అమ్మడు లేచి నిలబడింది. "చూశాను."

"మోడు కాదుగా?" అంది మా గుంపులోనే ఉన్న బ్యాంకు మేడం.

"మోళ్ళు నడవవండీ."

"రెండో జత కళ్ళెవరివి?" అడిగారు మాస్టారు.

"డాక్టర్ గారివి. నా పక్కనే ఉన్నారు."

అందరూ అతని వైపు తిరిగారు. ఒక్కమాట అంటే సరిపోయేది. అతను గ్లాసులో చల్లారిన కాఫీ వంక చూస్తూ, "నేను చూడలేదండీ" అన్నాడు.

"చూడలేదా? నేను చెబుతూనే ఉన్నాను! మరి ఎటు చూస్తున్నారు?"

"వేరే వైపు."

"అక్కడ ఉన్నదే ఒక్క సందు! వేరే వైపు ఏముంది, గోడా?"

అతను చల్లారిన కాఫీని గటగటా తాగేశాడు. బ్యాంకు మేడం కిసుక్కుమంది. అమ్మడు చరచరా తన గదికి వెళ్ళిపోయింది. ఆ తలుపు చప్పుడుకి నది మీద మంచు పగిలిందని నేనంటే ఎవరూ నమ్మలేదు.

మర్నాడు నదిలో పడవ మీద వెళుతుంటే అతను ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఆమె నీళ్ళకేసి చూస్తోంది.

"తాతయ్యా, అటు బాతులున్నాయని ఆయనకి చెప్పు."

"నాకు వినబడిందండీ" అన్నాడు.

"తాతయ్యా, వినబడితే సరిపోదు, చూడాలని చెప్పు."

అడవిలోనూ అదే వరస. వాళ్ళిద్దరి మధ్య కబుర్లు మోసి మోసి నా దవడలు అరిగాయి. పక్కనే పళ్ళ డాక్టరుండీ ఏం లాభం?

తిరుగు ప్రయాణానికి ముందురోజు మాస్టారు అందర్నీ అడవిలో గద్దల కోసం రమ్మన్నారు. అమ్మడు బూట్ల తాళ్ళు బిగించి, "నేను రెల్లు దగ్గరికే" అంది. తర్వాత డాక్టరు ముందు నిలబడింది. నన్ను మధ్యవర్తిగా పెట్టుకోకుండా నేరుగా మాట్లాడింది.

"మీరూ వస్తున్నారు. ఈసారి చూస్తున్నారు."

"అది రాకపోతేనండీ?"

"వచ్చేదాకా కూర్చుంటాం."

కూర్చున్నాం. మంచు పొగలా కమ్మింది. వేళ్ళు కొయ్యబారాయి. పొద్దెక్కింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఈసారి నిద్ర కాదు లెండి, మర్యాద.

"నేను మిమ్మల్ని అబద్ధం చెప్పమనలేదు" అంది అమ్మడు సందులోంచి చూస్తూనే. "చూడమన్నాను. అంతే."

"తెలుసండీ. చూడని సిగ్నల్ని చూశానని అంటే, ఇంక మీ పక్కన కూర్చోడానికి పనికొస్తానా?"

"మరి ఎటు చూశారు?"

"చెబితే తిడతారు."

"చెప్పకపోయినా తిడతాను."

"మీ మొహంలోకి" అన్నాడు. "ఆ కొంగ కనబడగానే మీ మొహం వెలిగిపోయిందండీ. అచ్చం... పిప్పిపన్ను పీకించుకున్నవాడి మొహంలా."

ఇంత చెత్త పొగడ్త నా చెవిన ఎన్నడూ పడలేదు. ఒక కన్ను తెరిచాను. అమ్మడు సందు వదిలేసి అతని వైపు తిరిగి గుడ్లప్పగించి చూస్తోంది. అతనేమో సిగ్గుతో చచ్చిపోతూ, తలదాచుకోడానికి మరో చోటు లేక, సందులోకి మొహం పెట్టాడు. నేనూ అటే చూశాను.

"నడుస్తోంది" అన్నాడు మెల్లగా. "అమ్మో... నడుస్తోందండీ!"

అమ్మడు తల తిప్పలేదు.

ఆ సాయంత్రం మాస్టారు కొంగ పేరు చెప్పగానే డాక్టరు లేచి, "చూశాను" అన్నాడు. తిరగేసిన కోటుతో, పెళ్ళికొడుకు ఠీవితో నిలబడ్డాడు.

"భేష్! రెండో కళ్ళు మన మోడు మేడంవేగా?"

అమ్మడు ఔనంటే కథ కంచికి. ఏడాదినుంచి మోస్తున్న పేరు ఆ ఒక్క మాటతో దిగిపోతుంది. ఆమె లేచింది.

"నేను చూడలేదండీ."

"అదేంటమ్మా! పట్టుబట్టి వెళ్ళింది నువ్వు. ఎటు చూస్తున్నావు?"

అమ్మడి చెవులు డాక్టరు కోటు అసలు రంగుకి తిరిగాయి. అయినా సిగ్నల్ని కేకేసే గొంతుతోనే చెప్పింది.

"డాక్టర్ గారి వైపు."

బ్యాంకు మేడం చేతిలో బిస్కెట్టు విరిగి కాఫీలో పడింది. డాక్టరు కూర్చోబోయి కుర్చీ లేని చోట కూర్చున్నాడు.

నేను దగ్గాను. "నేను చూశాను మాస్టారూ."

అందరూ ఘొల్లుమన్నారు. తప్పు వాళ్ళది కాదు. నా ఎడ్లబండిని ఒక కొంగ వాగు దాటించిందని ముందురోజే చెప్పి ఉన్నాను.

"సరే తాతగారూ, అదేం చేసిందో చెప్పండి" అన్నారు మాస్టారు నవ్వాపుకుంటూ.

"ముక్కు పైకెత్తి నిలబడింది. రెల్లు ఊగితే ఊగింది. గాలి ఆగింది, రెల్లూ ఆగింది. అది మాత్రం ఒక్క ఊపు ఎక్కువ ఊగింది. అలా దొరికిపోయి, చిన్నగా రెండడుగులేసి లోపలికి పోయింది."

"అంతేనా? మిమ్మల్ని ఎత్తుకుపోలేదా?"

"అంతే."

మాస్టారు డాక్టరు వంక చూశారు. అతను కిందనుంచే తలూపాడు, అక్షరాలా అంతేనని.

"తాతగారు ఏమీ కలపకుండా చెప్పారంటే అది నిజమే అయ్యుండాలి" అన్నారు మాస్టారు. "కొంగ వచ్చింది. మోడు మేడం అన్న పేరు ఈ పూటతో రద్దు."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఇద్దరూ మాత్రం కొట్టలేదు. వాళ్ళ ధ్యాస అక్కడుంటేగా!

తెల్లారి సామాన్లు వ్యానులో పెడుతుంటే డాక్టరు వచ్చాడు. ఇంక పిట్టల పని లేదుగా, ఎర్ర కోటు తిన్నగా తొడుక్కున్నాడు. నాకు దణ్ణం పెట్టాడు గానీ మాట్లాడింది అమ్మడితో.

"మడమ నయమయ్యాక మా మేనత్తని మీ ఇంటికి తీసుకురావచ్చాండీ? పెద్దవాళ్ళతో మాట్లాడ్డానికి."

అమ్మడు అతణ్ణి ఎగాదిగా చూసింది. "ముందు ఆ కోటు తీయండి. అది అడ్డమొచ్చి సిగ్నల్ కనబడ్డం లేదు."

తీసేశాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఊరందరి పళ్ళూ బాగుచేసేవాడికి తన నోట్లో పళ్ళు ఆపుకోవడం రాలేదు.

అమ్మడు నది వైపు చూసి, స్పష్టంగా, "గ్రీన్" అంది.

అతను నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. నేను మోచేత్తో డొక్కలో పొడిచాను. "ఏమయ్యా, రెండో గొంతేదీ?"

"గ్రీన్!" అని అరిచాడు.

ఆ అరుపుకి నదిలో ఉన్న బాతులన్నీ ఒక్కసారిగా లేచాయి. సూర్యుడు కనబడనంతగా ఆకాశం నిండిపోయింది. కావాలంటే అమ్మణ్ణీ డాక్టర్నీ అడగండి అందామంటే, వాళ్ళిద్దరూ అప్పుడు వేరే వైపు చూస్తున్నారు.