ఇద్దరు గణపతిరావులు

"పేషెంట్ గణపతిరావు. నౌకాదళ శాస్త్రవేత్త. పొద్దున కారు ప్రమాదం, స్పృహ లేదు. పదకొండుకి ఆపరేషన్. విదేశీ ముఠా ఆయన్ని టేబుల్ మీదే చంపబోతోంది. తుపాకీతో కాదు, డేటాతో." చీఫ్ మురళీమోహన్ ఫోన్ పెట్టేశాడు.

సీక్రెట్ ఏజెంట్ ఉపేంద్ర అప్పటికే శ్రీకాకుళంలో, ఆపరేషన్ జరిగే ఆసుపత్రి గ్రూపు హెడ్డాఫీసులో, ఆడిటర్ వేషంలో ఉన్నాడు. పద్నాలుగు ఆసుపత్రులకు ఒకటే మాస్టర్ లిస్టు, మనిషికి ఒకటే రికార్డు. అందులో ఏముంటే డాక్టర్లకు అదే వేదం. దాని కాపలా సుహాసినిది. నల్లచీర, ఎర్ర లిప్‌స్టిక్. ముఠాలో తిరుగుతూ మనకు కబుర్లు అందించే డబుల్ ఏజెంట్. వచ్చే నెల రామతీర్థంలో ఉపేంద్రతో పెళ్ళి.

"చీపురుపల్లి బండి లేటా?" కోడ్‌లో అడిగాడు.

"టైముకే వస్తాది." అంటే లిస్టు భద్రం.

అలవాటుకొద్దీ లిస్టును తనూ ఓ చూపు చూశాడు. టైము పది యాభై రెండు. తొమ్మిదింటికి ఇద్దరు గణపతిరావుల రికార్డులను డూప్లికేట్లని ఒకటిగా కలిపేశారు. ఇద్దరూ అన్నదమ్ముల బిడ్డలు, తండ్రుల పేర్లు వేరు. శాస్త్రవేత్తకు పెనిసిలిన్ పడదన్న హెచ్చరిక ఆ కలపడంలో ఎగిరిపోయింది. ఒక్క ఇంజెక్షన్‌తో ప్రాణం పోతుంది. అప్రూవల్ సుహాసినిది.

"పొరపాటు బావా. పేరొకటే, ఇంటిపేరొకటే, ఊరొకటే. ఒకడే అనుకున్నాను."

ఏ ఢిల్లీవాడో అంటే నమ్మేవాడు. మనవలందరికీ తాత పేరే పెట్టుకునే ఊరు ఆమెది. వాళ్ళింట్లో ముగ్గురు అసిరయ్యలున్నారని తనే నవ్వుతూ చెప్పింది. ఉపేంద్ర స్క్రీన్ మీంచి తలెత్తి ఆమెను చూశాడు. రెండేళ్ళు ఈ మనిషినా నమ్మింది?

"మీ అసిరయ్యల్ని ఎప్పుడైనా ఒకడనుకున్నావేటి? నిజం సెప్పు."

ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసింది. దాని మూతి అతని వైపు తిరిగింది.

"ఆళ్ళు నీకంటే ముందే దొరికినారు బావా. నన్నేటి సెయ్యమంటావు?"

ఉపేంద్ర బల్లను కాలితో తన్నాడు. గుండు సీలింగులో దిగింది. ఒక చేత్తో ఆమె మణికట్టు నొక్కిపట్టి, రెండో చేత్తో రికార్డులు విడదీశాడు. వెంటనే థియేటర్‌కి ఫోన్ చేశాడు. పది యాభై తొమ్మిది.

"స్క్రీన్ మీద ఎర్రగా వచ్చింది సార్, ఆపీసినాం. సిరంజి నా సేతిలోనే ఉన్నాది," అంది నర్సు తులసి.

పోలీసులు సుహాసినిని తీసుకెళ్ళారు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తుందేమోనని అతను మెట్ల దగ్గర నిలబడే ఉన్నాడు.

చీఫ్ మళ్ళీ లైన్లోకి వచ్చాడు. "రిపోర్టులో ఆమెకూ నీకూ సంబంధం అని ఒక కాలమ్ ఉందయ్యా. ఖాళీగా వదిలెయ్యనా?"

"వద్దు సార్. కాబోయే భార్య అని రాయండి. డేటా క్వాలిటీ దెబ్బతినకూడదు."