ఇసికేలి ఆరు నిమిషాలకోసారి వస్తాడు

మా దీవిలో లెవుకా రేవు వెనకున్న మందుల గిడ్డంగి వైపు చీకటి పడ్డాక ఎవరూ వెళ్లరు. అక్కడ పనిచేసిన ఇసికేలి పోయి ఏడాదైంది. అయినా... రోజూ లోపలికి రావాలని చూస్తున్నాడట!

నేను నమ్మలేదు. యంగోనా వేరు దంచి కలిపిన మత్తు నీళ్ల గిన్నె చుట్టూ కూర్చుని నాలుగు చిప్పలు తాగితే మా ఊళ్లో చచ్చినవాళ్లంతా లేచొస్తారు. కానీ ఈ సంగతి నాకు చెప్పింది లోసలిని. ఆ గిడ్డంగి కంప్యూటర్లు చూసే పిల్ల. మనుషుల్నే నమ్మదు, దెయ్యాల్నేం నమ్ముతుంది?

ఉద్యోగుల పేర్లూ పాస్‌వర్డ్‌లూ ఉండే డైరెక్టరీ సర్వర్‌ని మూడు వారాల కిందట మార్చారు. ఆ రోజు నుంచే మొదలైంది — ఆరు నిమిషాలకోసారి, ఇసికేలి పేరుతో, ఎవరో లోపలికి రాబోవడం... ఆ రాకపోకల్ని కాపలా కాసేందుకు లోసలిని రాసిన ప్రోగ్రాం ప్రతిసారీ 'పాస్‌వర్డ్ తప్పు' అని రాసుకుంటోంది.

ఆదివారం రాత్రి గిడ్డంగి అధికారి సెతరేకి ఆమెని పిలిపించాడు. తెల్లారితే చుట్టుపక్కల దీవులకి తట్టు టీకాల పడవ వెళ్లాలి. అక్కడ పిల్లలు జ్వరాలతో పడి ఉన్నారు.

"దొంగెవడో తేలేదాకా ఒక్క పెట్టె కదలదు లోసా. చచ్చినోడి పేరు వాడేది మనలో వాడే."

కాపలా ముసలాయన అపెనిసా గొంతు తగ్గించాడు. "మనలో వాడు కాదయ్యా... వాడే."

"నువ్వు నోర్ముయ్. నా అనుమానం నీ మీదే!"

లోసలినికి ఇద్దరి మీదా అనుమానమే. ఆ మాటకొస్తే తన మీద కూడా. ప్రోగ్రాం తెరిచి చూసుకుంది. సర్వర్ ఏ కారణంతో కాదన్నా, అన్నిటినీ ఒకే గంపలో వేసి 'పాస్‌వర్డ్ తప్పు' అనేస్తోంది! సిగ్గేసింది. సర్వర్ అన్న మాట అన్నట్టే చూపించేలా మార్చింది.

ఆరు నిమిషాలు... ముగ్గురూ తెర ముందే కూర్చున్నారు.

వచ్చింది — 'ఈ పద్ధతిలో గుర్తింపు చెల్లదు.'

"అంటే?" అన్నాడు సెతరేకి.

"పాస్‌వర్డ్ దాకా పోనేలేదు సార్. కానుకగా యంగోనా వేరు పట్టుకోకుండా మీ ఊరొస్తే పెద్దలు పేరైనా అడుగుతారా? ఇదీ అంతే. వచ్చినవాడికి పాత పద్ధతే తెలుసు, పాస్‌వర్డ్ బాహాటంగా చెప్పెయ్యడం. కొత్త సర్వర్ అది వినదు. దొంగైతే ఈపాటికి వేరే దారి వెతికేవాడు. ఇది... మనిషి కాదు."

అపెనిసా రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆ అడుగుతున్నది ఏ కంప్యూటర్ చిరునామా నుంచో పట్టుకుని వెళ్తే — టీకాల చల్లగది గోడ వెనక, అట్టపెట్టెల చాటున, పచ్చ దీపం మిణుకుమంటున్న ఓ చిన్న యంత్రం. ఇసికేలి తన పేరుతో పెట్టుకున్నది. ఎవరికీ చెప్పకుండానే పోయాడు.

సెతరేకి పగలబడి నవ్వాడు. "దీనికా ఇంత భయం! పెట్టెలు ఎక్కించండి."

"ఆగండి. ఏం చెప్పడానికొస్తోందో చూద్దాం."

లోసలిని దానికి కొత్త పద్ధతి నేర్పింది. మూడు వారాలుగా ఆగిపోయిన అంకెలు గబగబా తెర మీదికొచ్చాయి. చల్లగది లోపలి వేడి లెక్క, డిగ్రీల్లో. ఎనిమిది దాటితే టీకా పనికిరాదు. నాలుగు, నాలుగు, అయిదు... శుక్రవారం సాయంత్రం పదకొండు. శనివారం పంతొమ్మిది. ఇవాళ — ఇరవై ఆరు.

తలుపు మీద వేడి చూపే ముల్లు మాత్రం నాలుగు దగ్గరే ఇరుక్కుపోయి ఉంది.

సెతరేకి తలుపు లాగాడు. వెచ్చటి గాలి మొహానికి కొట్టింది.

పాడైన టీకా వేయించుకుని, ఇక భయం లేదనుకునే పిల్లలు లోసలిని కళ్ల ముందు మెదిలారు.

అపెనిసా టోపీ తీశాడు.

"చల్లగది చెడిందని శుక్రవారం నుంచి అరుస్తున్నాడయ్యా," అన్నాడు మెల్లగా. "మనం దొంగని వెతుకుతూ కూర్చున్నాం."