జమీందారుగారి పరుపు

మూత ఊడిపోయిన పాత సూట్‌కేసులో జమీందారు నిలబడి ఉంది. తనని ఏ ఊరికి పంపించేస్తున్నారో అని దిగులుగా చూస్తోంది.

"ఊరికి కాదురా, నీకు మంచం చేస్తున్నా! పరుపు కూడా కుడతా," అంది హడావిడి.

హడావిడి ఆ ఇంటి అమ్మాయి. అసలు పేరు స్కూల్లో ఉంది, ఇంట్లో ఎవరికీ దాంతో పని పడలేదు. జమీందారు వాళ్ల ముసలి కుక్క. పనీపాటా లేకుండా రోజంతా దొర్లుతుంది కాబట్టి ఆ బిరుదు వచ్చింది. గట్టి నేల మీద దొర్లీ దొర్లీ దాని మోచేతులు పుండ్లు పడ్డాయి. మెత్తటి పరుపు వెయ్యకపోతే అవి మానవని పశువుల డాక్టరు గట్టిగా చెప్పాడు. కొట్లో కుక్క పరుపు ధర విని నాన్న కళ్లు తేలేశాడు.

"మనకే లేదు అంత మంచి పరుపు!" అన్నాడు.

అందుకే ఇంట్లో పాతవాటితో తనే కుడతానని హడావిడి బయల్దేరింది.

"మంచిదే. నీకు బిగుతైపోయిన కుందేలు స్వెటరుందిగా, అది వెయ్యి," అంది అమ్మ. అమ్మ దర్జీ. ముందుగదిలోనే ఆమె మిషను, కత్తిరించే బల్ల.

"అమ్మో, అది నాది!"

"అందులో నీ చెయ్యి కూడా దూరదు కదే."

"దూరకపోతే ఏం? నాదే!"

అమ్మ దారం ఉండలు కొనడానికి బజారుకెళ్లింది. ఇంకేం, హడావిడికి పట్టపగ్గాల్లేవు. తాతయ్య మఫ్లరు, నాన్న చిరుగుల బనియన్లు దిండు గలీబులో కుక్కింది. అయినా నిండలేదు. కత్తిరించే బల్ల కింద ఒక సంచి కనిపించింది. నిండా వంకరటింకర ఎర్ర గుడ్డముక్కలు.

'ఎవరికీ అక్కర్లేని పీలికలు,' అనుకుని అవీ కుక్కేసింది. మూతి దగ్గర కుట్టు మీద కుట్టు వేసి, పరుపును సూట్‌కేసులో పరిచింది.

జమీందారు దాని మీద గుండ్రంగా తిరిగి తిరిగి, ధబ్బున పడి, గురక పెట్టింది. హడావిడికి ఆనందం పట్టలేదు.

సాయంత్రం అమ్మ బల్ల కిందకి దూరి వెతకసాగింది.

"బ్యాండు మాస్టారి కోటేదే? ఇక్కడే సంచిలో పెట్టాను. ఇప్పుడు కొలత చూసుకోడానికి వస్తారు. రేపే వాళ్ల పోటీ!"

"కోటేం లేదమ్మా అక్కడ. ఎర్ర పీలికలే..."

ఇద్దరూ జమీందారు వైపు చూశారు. అది హాయిగా గురక పెడుతోంది.

"కుట్టకముందు ఏ కోటైనా పీలికల్లాగే ఉంటుందే తల్లీ!" అమ్మ తల పట్టుకుంది. "ఆ గుడ్డ మళ్లీ దొరకదు కూడా!"

జమీందారుని లాగారు, కదల్లేదు. బిస్కెట్ చూపించారు. పడుకునే తినేసింది. చివరికి నాన్న సూట్‌కేసునే వంచాడు. జమీందారు నేల మీదకి జారింది కానీ, కళ్లు మాత్రం తెరవలేదు. హడావిడి వేసిన కుట్లు విప్పేసరికి అమ్మకి చెమటలు పట్టాయి. ఒక చెయ్యి వచ్చింది. కాలరు వచ్చింది. తాతయ్య మఫ్లరూ వచ్చింది.

"రామ రామ! దీనికోసం పొద్దుట్నుంచీ ఇల్లంతా గాలిస్తున్నా!" అన్నాడు తాతయ్య.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో బ్యాండు మాస్టారు ప్రత్యక్షమయ్యారు. మీసాలు చూస్తేనే భయం వేస్తుంది. "కోటు సిద్ధమేనా?"

అమ్మ ఏదో చెప్పబోయింది. హడావిడికి తలుపు వెనక్కి వెళ్లిపోవాలనిపించింది. వెళ్లలేదు.

"తప్పు నాదే మాస్టారూ. పీలికలనుకుని మా కుక్క పరుపులో కుక్కేశాను. అమ్మకి తెలీదు."

మాస్టారు కాలరు అందుకుని, మీద ఉన్న తెల్ల వెంట్రుకని పైకెత్తి చూశారు.

"నాకంటే ముందే ఒకరు వాడేశారన్నమాట. పడుకున్నాయనకి నచ్చిందా?"

"చాలా," అంది హడావిడి ఏడుపు గొంతుతో. మాస్టారి మీసాలు కదిలాయి.

"వెంట్రుక ఒక్కటి మిగిలినా నాకు తుమ్ములొస్తాయి. ట్రంపెట్ ఎలా ఊదను?"

హడావిడి ఒక్కో వెంట్రుకా ఏరింది. అమ్మ కుట్టింది. కోటు వేసుకుని, గట్టిగా ఊపిరి పీల్చి, తుమ్ము రాలేదని తేల్చుకున్నాకే మాస్టారు వెళ్లారు.

నేల మీద జమీందారు మోచెయ్యి నాక్కుంటోంది. హడావిడి ఖాళీ గలీబు పట్టుకుని తాతయ్య దగ్గరికెళ్లింది.

"తాతయ్యా, మఫ్లరు ఇస్తావా?"

"ఇవ్వను. చలికి నాకు కావాలి."

"సరే. నాన్నా, బనియన్లు?"

"ఇదొక్కటి వదిలేసి మిగతావి తీసుకో."

"అమ్మా, ఇది పీలికా, కోటా?"

"పీలికే."

"ఇదీ?"

"పీలికేనే!"

"మరి ఇది?"

"అది నా కొంగే, వదులు!"

పరుపు ఇంకా పల్చగానే ఉంది. హడావిడి గదిలోకి వెళ్లి కుందేలు స్వెటరు తీసింది. ఆఖరుసారి తొడిగి చూద్దామని తల దూర్చింది. చెవుల దగ్గర ఇరుక్కుంటే అమ్మే వచ్చి లాగాల్సి వచ్చింది.

హడావిడి దాన్ని మడిచి, కుందేలు బొమ్మ పైకి కనపడేలా పరుపు మీద పరిచింది.

"ఇది నాది," అని జమీందారు చెవిలో చెప్పింది. "నేనే ఇస్తున్నా."

జమీందారుగారు గుండ్రంగా తిరిగి, పుండు పడిన మోచెయ్యి సరిగ్గా కుందేలు పొట్ట మీద ఆనించి పడుకున్నారు.