చూస్తూ కూర్చునే పని

నాలుగో గుండీ దగ్గర తాతయ్య వేళ్లు మళ్లీ జారాయి.

"అబ్బబ్బా!" అని విసుక్కున్నది తాతయ్య కాదు, పక్కన నిలబడ్డ పిడుగు.

ఆదివారం, పదకొండు కావస్తోంది. తాతయ్య మంచం అంచున కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. మొదటి మూడింటికే పది నిమిషాలు పట్టింది. ఎదురుగా కుర్చీలో నర్సాంటీ కూర్చుంది. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, చుట్టపుచూపుగా వచ్చిన మనిషిలా తీరిగ్గా చూస్తోంది.

పిడుగుకి పదేళ్లు. అసలు పేరు బడి రిజిస్టరులో ఉంది, అక్కడే ఉంటుంది. చెప్పిన పని చెప్పేలోపే చేసేస్తుంది. చెప్పని పని కూడా చేసేస్తుంది. అందుకని ఇంట్లో అందరూ పిడుగు అనే పిలుస్తారు. అలాంటి పిల్ల ఒక గుండీ కోసం ఎంతసేపని ఊరుకుంటుంది? చటుక్కున వంగి చొక్కా పట్టుకుంది.

"ఉండమ్మా," అంది నర్సాంటీ. "తాతగారు పెట్టుకుంటారు."

"రావట్లేదు కదాంటీ! నేను పెడితే ఒక్క సెకను!"

"నీకు సెకను చాలని నాకు తెలుసులే. తాతగారికి ఎంత పడుతుందో చూద్దాం."

పిడుగు వెనక్కి తగ్గింది కానీ, బుర్ర గిర్రున తిరిగింది. నర్సంటే సాయం చేసే మనిషి కదా! మరి ఈవిడేంటి, రోజూ పదింటికి వచ్చి, పన్నెండు దాకా ఉండి, ఎక్కువసేపు చూస్తూ కూర్చుంటుంది? ఊరికే కూర్చోవడానికి ఆస్పత్రి నుంచి మనిషి రావాలా?

తాతయ్య నలభై ఏళ్లు వాచీలు బాగుచేశాడు. ఆవగింజంత మరల్ని ఊడదీసి, తుడిచి, మళ్లీ బిగించిన చెయ్యి అది. రెండు నెలల క్రితం ఒకరోజు పొద్దున కాఫీ కప్పు ఆ చేతిలోంచి జారి పడింది. కుడి చెయ్యి, కుడి కాలు ఆయన మాట వినడం మానేశాయి. నెల రోజులు ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చాడు. ఇప్పుడిప్పుడే అవి కొంచెం కొంచెం మాట వింటున్నాయి.

ఐదు నిమిషాలకి నాలుగో గుండీ పడింది. నర్సాంటీ లేచి బీరువా తలుపుకి ఒక కాగితం అంటించింది. అందులో నాలుగు పనులు రాసి ఉన్నాయి. మంచం మీంచి లేవడం. గుండీలు పెట్టుకోవడం. కర్రతో కిటికీ దాకా నడవడం. జగ్గులోంచి గ్లాసులోకి నీళ్లు పోసుకోవడం.

"పొద్దున నేను చూస్తాను. సాయంత్రం ఇంకోసారి చెయ్యాలి. అప్పుడు చూడటం నీ పని," అంది పిడుగుతో. "తాతగారు తనంతట తను చేస్తే టిక్కు. సాయం పడితే సగం గీత. అవ్వకపోతే ఖాళీ వదిలెయ్."

"చూడటం కూడా పనేనా?"

"చాలా కష్టమైన పని," అంది నర్సాంటీ నవ్వకుండా.

అది జోకో కాదో పిడుగుకి అర్థం కాలేదు.

కాసేపటికి వంటింట్లో అమ్మ, నర్సాంటీ మెల్లగా మాట్లాడుకోవడం వినబడింది.

"వచ్చే ఆదివారంతో నా సెలవు అయిపోతుంది సిస్టర్. మా ఆయనేమో లారీ మీద వెళ్తే వారానికి గానీ రారు. మీరు వెళ్లాక, పాప బడి నుంచి వచ్చేదాకా నాన్న ఒక్కరే ఉండాలి."

"నాలుగు గంటలు. ఆ కాసేపూ తనంతట తను లేచి బాత్రూమ్‌కి వెళ్లి, దాహమేస్తే నీళ్లు పోసుకోగలిగితే చాలు, ఇంట్లోనే ఉండొచ్చు. లేకపోతే కొన్నాళ్లు కేర్ సెంటర్‌లో ఉంచడమే మంచిది. ఆదివారం చూసి చెప్తాను."

పిడుగు గుమ్మం పక్కనే ఆగిపోయింది. కేర్ సెంటర్ ఊరికి ఆ చివర ఉంది. తాతయ్య లేని గది ఎలా ఉంటుందో ఆస్పత్రి నెలలో చూసింది. మళ్లీ చూడాలని లేదు.

కాగితం నిండా టిక్కులుంటే తాతయ్య ఎక్కడికీ వెళ్లడు. ఆమెకి అర్థమైంది అదొక్కటే.

సోమవారం సాయంత్రం అమ్మ వంటింట్లో ఉండగా, బడి సంచి మూల పడేసి పిడుగు పనిలోకి దిగింది. చూసే పనిలోకి. తాతయ్య రెండో గుండీ దగ్గర ఆగాడు. పిడుగు మనసులో ఇరవై దాకా లెక్కపెట్టింది. ఇంకా ఆగే ఉన్నాడు. "కొంచెం పట్టుకుంటానంతే," అని మిగతావన్నీ చకచకా పెట్టేసింది. లేవబోతే చంకలో చెయ్యి వేసి లేపింది. నడుస్తుంటే భుజం అందించింది. నీళ్లు తనే పోసింది.

"నువ్వుండగా నాకేం లోటు తల్లీ," అన్నాడు తాతయ్య, గ్లాసు అందుకుంటూ.

కాగితం ముందు నిలబడితే పెన్ను కాసేపు కదల్లేదు. సగం గీతా, టిక్కా? గుండీలు పడ్డాయా? పడ్డాయి. కిటికీ దగ్గరికి చేరాడా? చేరాడు. గ్లాసులో నీళ్లున్నాయా? ఉన్నాయి. పని అయిపోయినట్టేగా! నాలుగు టిక్కులు పెట్టేసింది.

మంగళవారం పెన్ను అంతసేపు ఆగలేదు.

బుధవారం బడిలో టీచరు అడిగింది. "ఇంట్లో పెద్దవాళ్లకి ఎవరెవరు సాయం చేస్తున్నారు?"

పిడుగు చెయ్యెత్తి అంతా చెప్పింది. క్లాసంతా చప్పట్లు కొట్టింది. దాంతో తికమక ఇంకా ఎక్కువైంది. బడిలో సాయం చేస్తే చప్పట్లు. ఇంట్లో సాయం చేయబోతే 'ఉండమ్మా'. ఎవరి మాట పట్టుకోవాలి?

శుక్రవారానికి ఇంకో వింత జరిగింది. సోమవారం తాతయ్య గుండీల కోసం తంటాలు పడ్డాడు. ఈరోజు అసలు చెయ్యే ఎత్తలేదు. చొక్కా తొడుక్కుని, మంచం మీద కూర్చుని, పిడుగు వచ్చి పెడుతుందని చూస్తున్నాడు. ఇన్ని టిక్కులు పడ్డాక చెయ్యి బాగవ్వాలి గానీ, ఇలా అవుతోందేంటి? పిడుగుకి ఏదో తేడాగా అనిపించింది. ఏమిటో మాత్రం తెలియలేదు. టిక్కులు పెట్టి హోంవర్క్ చేసుకోవడానికి వెళ్లిపోయింది.

ఆదివారం రానే వచ్చింది. రోజూ పొద్దున తన గడుల్లో మాత్రమే రాసుకునే నర్సాంటీ, ఈసారి కాగితమంతా చూసి కళ్లజోడు సర్దుకుంది.

"ఇదేంటి తాతగారూ! పొద్దున నా దగ్గర తాబేలు, సాయంత్రం మనవరాలి దగ్గర జింకా? పొద్దున సగం గీతలు, సాయంత్రం అన్నీ టిక్కులే!"

తాతయ్య పైనున్న ఫ్యాన్ వైపు చూశాడు. పిడుగు కిందనున్న చెప్పుల వైపు చూసింది.

"సాయంత్రాలు... కాస్త హుషారుగా ఉంటుంది," అని గొణిగాడు తాతయ్య.

"అయితే ఒంట్లో బలం వచ్చినట్టే. పొద్దున బద్ధకం అన్నమాట. ఇవాళ మామూలు కర్రతో చూద్దాం."

ఇన్నాళ్లూ తాతయ్య పట్టుకున్నది అడుగున నాలుగు కాళ్లున్న కర్ర. వదిలేసినా పడదు. నర్సాంటీ తెచ్చింది ఒంటికాలి కర్ర. ఆమె తాతయ్య నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి, వెనక నుంచి గట్టిగా పట్టుకుంది. అమ్మ గుమ్మంలో నిలబడింది. పిడుగు ఒక అడుగు ముందుకు వేసి ఆగింది. ఇప్పుడే చెప్పాలి. చెప్తే తాతయ్య వెళ్లిపోతాడేమో. చెప్పకపోతే? ఆ ఆలోచన తెగేలోపే తాతయ్య అడుగు వేశాడు.

ఒకటి. రెండు. మూడో అడుగుకి మోకాలు మడతపడింది.

కర్ర ఠప్పున కిందపడింది. నర్సాంటీ బెల్టు వదల్లేదు. ఇద్దరూ మెల్లగా నేల మీదికి కూలబడ్డారు. దెబ్బ తగల్లేదు. అమ్మ పరుగెత్తుకొచ్చింది. తాతయ్య మాత్రం లేవడానికి చూడలేదు. వణుకుతున్న కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు.

"నన్ను ఆ సెంటర్‌లోనే పడెయ్యండి. ఈ చేతులింక పనికిరావు."

పిడుగు భోరుమంది.

"తాతయ్య చేతులు కాదు! ఆ టిక్కులు నావి! గుండీలు నేనే పెట్టాను. నేనే లేపాను. నీళ్లు కూడా నేనే పోశాను. అన్ని రోజులూ!"

"పిడుగూ!" అంది అమ్మ.

"దాన్నేం అనకు," అన్నాడు తాతయ్య. "అది చేస్తుంటే హాయిగా చేయించుకుంది నేను. వద్దనొచ్చుగా? అనలేదు."

నర్సాంటీ నేల మీద నుంచి లేవకుండానే పిడుగుని దగ్గరికి పిలిచింది. తిడుతుందనుకుంది పిడుగు. ఆమె తిట్టలేదు.

"నాదీ తప్పే. వారమంతా నా కళ్లతో చూసింది వదిలేసి కాగితాన్ని నమ్మాను."

"పని అయిపోయింది కదా అనుకున్నానాంటీ," అంది పిడుగు వెక్కుతూ. "గ్లాసులో నీళ్లు వచ్చాయి కదా!"

దానికి తాతయ్య జవాబు చెప్పాడు. "నా కొట్టుకి ఒకాయన వచ్చేవాడు. ఆయన వాచీ ఎప్పుడో ఆగిపోయింది. బాగుచేయించడానికి తీరిక లేదు. రోజూ పొద్దున ముల్లు తిప్పి టైం సరిగ్గా పెట్టుకుని వెళ్లేవాడు. చూసినవాళ్లంతా అది నడుస్తోందనే అనుకునేవారు."

"తర్వాత?"

"తర్వాతేముంది, ఒకరోజు రైలు తప్పిపోయింది."

పిడుగుకి నవ్వొచ్చింది, దాని వెనకే మళ్లీ ఏడుపొచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో ఎక్కిళ్లు పట్టుకున్నాయి. తాతయ్య ఎడమ చేత్తో ఆమె వీపు నిమిరాడు.

అమ్మ తను పనిచేసే ఫ్యాక్టరీకి ఫోన్ చేసి, బతిమాలి, ఇంకొక్క వారం సెలవు సంపాదించింది. ఇక దొరకదని చెప్పేశారట. నర్సాంటీ ఒంటికాలి కర్రని తలుపు వెనక పెట్టేసి, బీరువాకి కొత్త కాగితం అంటించింది. పెన్ను మాత్రం పిడుగు చేతికే ఇచ్చింది.

"నాకా?" అంది పిడుగు నమ్మలేక.

"ఇంకెవరికి?"

సోమవారం సాయంత్రం పిడుగు కుర్చీలో కూర్చుంది. చేతులు తన మాట వినవని తెలుసు కాబట్టి, రెండు అరచేతుల్నీ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. రెండో గుండీ జారింది. మూడోదీ జారింది. కిటికీ దగ్గరి బల్ల మీద నీళ్లు ఒలికాయి. పిడుగు దిగ్గున లేవబోయింది.

"ఊఁ!" అన్నాడు తాతయ్య. గుడ్డ అందుకుని తనే తుడుచుకున్నాడు.

ఆ రోజు కాగితం మీద రెండు సగం గీతలు, రెండు ఖాళీలు. అంత బోసి కాగితాన్ని చూస్తే పిడుగుకి పెన్ను మళ్లీ అందుకోవాలనిపించింది. అయినా దిద్దలేదు.

చూస్తూ కూర్చుంటే ఇదివరకు కనబడనివి కనబడటం మొదలైంది. గుండీ దగ్గర జారేది వేళ్లన్నీ కాదు, బొటనవేలొక్కటే. మోచెయ్యి తొడ మీద ఆనిస్తే వణుకు తగ్గుతుంది. బుధవారం బడికి వెళ్తూ ఒక చీటీ రాసి, నర్సాంటీకి ఇమ్మని అమ్మ చేతిలో పెట్టింది. 'జగ్గు నిండా ఉంటే తాతయ్య చెయ్యి వణుకుతోంది. సగం ఉంటే వణకట్లేదు.'

సాయంత్రం వచ్చేసరికి జగ్గులో సగమే నీళ్లున్నాయి. చీటీ కాగితం పక్కనే అంటించి ఉంది. దాని కింద నర్సాంటీ రాత. 'నేను గమనించలేదు. బాగా చూశావు.'

గురువారం గుండీలకి పదకొండు నిమిషాలు పట్టింది. కానీ నాలుగూ తాతయ్యే పెట్టుకున్నాడు. పిడుగు టిక్కు ఎంత గట్టిగా పెట్టిందంటే కాగితం చిరిగింది.

ఆదివారం మళ్లీ నలుగురూ ఆ గదిలో ఉన్నారు. నర్సాంటీ ఈసారి కాగితం వైపు చూడనే లేదు. తాతయ్య వైపే చూసింది. ఆయన చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. మంచం అంచు పట్టుకుని లేచాడు. నాలుగు కాళ్ల కర్రతో ముందు బాత్రూమ్‌కి వెళ్లొచ్చాడు, తర్వాత కిటికీ దాకా నడిచి బల్ల ముందు కూర్చున్నాడు. బల్లకి ఇటు పక్క పిడుగు కూర్చుంది, అరచేతుల మీద. జగ్గు ఎత్తి గ్లాసులో నీళ్లు పోసుకుని తాగాడు. ఒక్క చుక్క ఒలికింది, అంతే.

నర్సాంటీ అమ్మ వైపు తిరిగింది. "నాన్నగారు ఇంట్లోనే ఉండొచ్చు," అంది.

అమ్మ కళ్లు తుడుచుకుంది. పిడుగు గట్టిగా అరవాలనుకుంది. కానీ తాతయ్య పని ఇంకా అవ్వలేదు. ఆయన ఇంకో గ్లాసు దగ్గరికి లాక్కుని, అందులోనూ నీళ్లు పోశాడు. దాన్ని కుడి చేత్తో బల్ల మీద పిడుగు వైపు జరపసాగాడు.

"తాగు తల్లీ. వారం రోజులుగా ఊరికే కూర్చున్నావు, ఎంత అలిసిపోయావో."

గ్లాసు కొంచెం కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది. చెయ్యి చాపితే అందేంత దగ్గరికి వచ్చింది. పిడుగు చాపలేదు. గ్లాసు బల్ల ఇవతలి అంచుకి వచ్చి ఆగాక, అప్పుడు అరచేతులు బయటికి తీసింది. కుర్చీ గుర్తులు పడి ఎర్రగా ఉన్నాయి. రెండు చేతులతో గ్లాసు పట్టుకుని గటగటా తాగేసింది.

ఖాళీ గ్లాసుని తాతయ్య ముందు పెట్టి, చేతుల్ని మళ్లీ తొడల కిందికి తోసేసింది.

"ఇంకోటి పోస్తావా తాతయ్యా?"