చూద్దాం ఫోల్డరు

"నా మెయిళ్ళు మీరు చదువుతారా, నూతిలో వేస్తారా?"

స్పేర్ పార్టులబ్బాయి తల ఎత్తాడు. ఎదురుగా ఒక అమ్మాయి, చేతిలో తడి గొడుగు. గొడుగులోని వాన తాపీగా అతని కీబోర్డు మీద కురుస్తోంది.

"మీరు?"

"కింది ఫ్లోర్. సర్వీస్ డెస్క్."

అర్జెంటమ్మ. లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో, ఎక్కడ లిఫ్టు ఆగినా ఫోను ముందు ఆమెకే వస్తుంది. కావలసిన పార్టు కోసం ఆమె అతనికి మెయిల్ పెడుతుంది. ప్రతి మెయిలుకీ అర్జెంటని ఎర్ర గుర్తు ఉంటుంది కాబట్టి ఆ పేరు పెట్టింది అతనే. మనిషి ఇంత బాగుంటుందని ముందే తెలిస్తే కాస్త మర్యాదైన పేరు చూసేవాడు.

"డోర్ రోలర్ కోసం ఎన్నిసార్లు రాశాను? నిన్న ఒక పెద్దావిడ గంటసేపు లిఫ్టులో ఇరుక్కుపోయారు. బయటికొచ్చాక నన్ను ఒక్క మాటనలేదు, మంచినీళ్ళడిగారంతే. తిట్టినా బాగుండేది."

అతను వెతుకుతున్నట్టు మౌసు అటూ ఇటూ కదిపాడు. ఆమె వంగి చూసింది. తెర మీద ఎడమ పక్కన 'చూద్దాం' అని ఒక ఫోల్డరు, దాని నిండా ఆమె మెయిళ్ళే.

"ఏంటిది?"

"ఎర్ర గుర్తున్నవన్నీ వాటంతటవే అందులోకి పోయేలా సెట్టింగ్ పెట్టానండి. ఈ ఆఫీసులో అందరికీ అన్నీ అర్జెంటే. మేనేజర్‌గారు గుడ్ మార్నింగ్ కూడా ఎర్ర గుర్తుతోనే చెప్తారు."

"ఎర్ర గుర్తు పెడితేనన్నా చూస్తారని నేను పెడుతున్నాను."

"ఎర్ర గుర్తుంటే చూడనండి నేను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వు వచ్చింది కానీ, పెద్దావిడ గుర్తొచ్చి ఆమె ఆపుకుంది.

"మా నాన్న చూద్దాం అన్నారంటే ఆ పని ఇక కాదని అర్థం," అంది.

"మా ఇంట్లో ఆ మాట నాదండి," ఒప్పుకున్నాడు.

గొడవ మేనేజర్‌గారి దాకా వెళ్ళింది. ఆయన ఇద్దరికీ చెరో నాలుగు చీవాట్లు పెట్టి, రోజూ పొద్దున కలిసి కూర్చుని ఆ ఇన్‌బాక్స్ సంగతి తేల్చమన్నారు.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ప్రతి మెయిలుకీ ఒకటే ప్రశ్న. "ఇది ఇవాళ చూడకపోతే ఎవరికి ఇబ్బంది?" ఎవరికో ఒకరికి ఇబ్బందైతే అప్పటికప్పుడు జవాబు. వేరేవాళ్ళ పనైతే వాళ్ళకే పంపడం. ఎవరికీ ఇబ్బంది లేకపోతే తీసెయ్యడం.

"మేనేజర్‌గారి గుడ్ మార్నింగులు?"

"తీసెయ్యండి."

"నా ఉద్యోగం?"

"రేపు మళ్ళీ పంపుతారుగా."

ఆమె కూడా ఒక పద్ధతికి ఒప్పుకుంది. "నాన్నా పులి కథే అయింది నా పని. ఇకనుంచి మనిషి లోపల ఇరుక్కుంటేనే ఎర్ర గుర్తు. ఖాళీ లిఫ్టు ఆగితే మామూలు మెయిలే. మీరు మాత్రం ఆ సెట్టింగ్ తీసేసి, ఎర్ర గుర్తు చూడగానే పరిగెత్తాలి."

"పరిగెత్తుతానండి."

కొన్నాళ్ళకు ఇన్‌బాక్స్ అద్దంలా అయిపోయింది. అతని గుండెలో రాయి పడింది. పనైపోయాక ఆమె ఎందుకు వస్తుంది? అందుకని రోజూ ఆమె వచ్చేలోపు చెత్తబుట్టలోంచి ఓ పది మెయిళ్ళు తీసి మళ్ళీ ఇన్‌బాక్స్‌లో పెట్టేవాడు.

"ఈ ఏసీ రిపేర్ మెయిలు నిన్ననే తీసేశాం కదా?"

"మళ్ళీ పంపినట్టున్నారండి."

"పోయిన సంవత్సరం తారీకుతోనా?"

అతను కిటికీలోంచి వాన చూశాడు. ఆమె పెదవి బిగబట్టి ఆ మెయిలు మళ్ళీ తీసేసింది. అయినా మర్నాడూ ఆమె వచ్చింది.

ఒక పొద్దున మాత్రం ఆమె మౌసు ముట్టుకోలేదు.

"మా బాబాయి ఒక సంబంధం చూశాడు. అబ్బాయి వివరాలు మెయిల్ చేశాడు. సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పాలట." అతని వైపు తిరిగి, "మీరేమంటారు?" అంది.

అతను అనదలచుకున్నది చాలా ఉంది. కానీ అలవాటుపడ్డ నాలుక యజమానిని అడగదు కదా.

"చూద్దాం," అన్నాడు.

ఆమె గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ పూట అతనికి పని సాగలేదు. మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. "ఒరేయ్, నువ్వు చూద్దాం అన్న కుళాయి నేనే బాగుచేయించాను. నీకోసం కూర్చుంటే ఇల్లు చెరువయ్యేది."

"అమ్మా, ఒక అమ్మాయికి కూడా అదే మాట అన్నానే."

"కుళాయైతే నేను బాగుచేయించాను. ఇది నువ్వే చూసుకో," అని పెట్టేసింది.

అతను కంప్యూటర్ ముందుకు జరిగాడు. ఉద్యోగంలో మొదటిసారి ఒక మెయిలుకి ఎర్ర గుర్తు పెట్టాడు. 'మనిషి లోపల ఇరుక్కున్నాడు' అని రాసి ఆమెకి పంపాడు.

మెట్ల మీద పరుగు వినిపించింది. చెవి దగ్గర ఫోనుతోనే ఊడిపడింది ఆమె. "ఏ బిల్డింగ్? ఎన్నో ఫ్లోర్?"

"ఇదే బిల్డింగండి. ఇదే ఫ్లోర్." తన కుర్చీ చెయ్యి తట్టాడు. "ఈ కుర్చీలో. నేనే."

"మీకేమన్నా మతిపోయిందా? మెకానిక్‌ని పిలిచేశాను."

"మీరంటే నాకు ఇష్టమండి. పొద్దున అదే చెప్పబోయి చూద్దాం అన్నాను. చెత్తబుట్టలోంచి మెయిళ్ళు తీసి పెట్టింది కూడా నేనే."

"అది నాకు మొదటిరోజే తెలుసు."

"మరి రోజూ ఎందుకు వచ్చారు?"

ఆమె కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది. మొహం కందిపోయింది, పరుగు వల్ల మాత్రం కాదు.

"ఆ చూద్దాం ఫోల్డరు ఎలా చేస్తారో నాకూ నేర్పండి."

"ఎందుకండీ?"

"బాబాయి మెయిలు అందులో వేద్దామని."

అప్పుడే పెద్ద మెకానిక్ పనిముట్ల సంచీతో రొప్పుతూ గుమ్మంలోకి వచ్చాడు. "ఎక్కడమ్మా ఇరుక్కుపోయినాయన?"

ఆమె తెర మీంచి చూపు తిప్పకుండానే చెప్పింది. "బయటికొచ్చేశారు మేస్త్రిగారూ. ఆయనకి మంచినీళ్ళు ఇవ్వండి."