వట్టిగా వచ్చిన గిన్నె

ఉప్పుగూడ స్టేషన్ వెనక సందులో లలితమ్మ బర్రె ఈనింది. ఆ ఉదయం ఆమె వాకిట్లో అద్దెకున్న మూడు గదులకూ గిన్నెడేసి జున్నుపాలు పంపింది.

జున్నుపాలు తీసుకున్నవాళ్లు గిన్నె వట్టిగా తిరిగివ్వరు. ఇన్ని బియ్యమో, బెల్లం ముక్కో వేసి ఇస్తారు. లేకపోతే బర్రె పాలు తగ్గిపోతాయని లలితమ్మ నమ్మకం. ఒడిశా మేస్త్రీ భార్య పుట్నాలు వేసి ఇచ్చింది. చివరి గది నజ్మా గిన్నె మాత్రం శుభ్రంగా తోమి, వట్టిగా వచ్చింది.

నజ్మాది బీహార్. భర్త లాడ్ బజార్ దుకాణాలకు లక్క గాజులు చేస్తాడు. ఈ ఆచారం ఆమెకు లలితమ్మే నేర్పింది, ఇన్నేళ్లలో ఒక్కసారీ మరవలేదు. అందుకే లలితమ్మకు ఒళ్లు మండింది. బర్రెను ఎవరైనా చిన్నచూపు చూస్తే కన్నకొడుకును అన్నంత కోపం ఆమెకు. నిజానికి కొడుకును అంటే అంత రాదు.

గిన్నె పట్టుకుని లొల్లికే బయల్దేరింది కానీ గుమ్మంలోనే ఆగిపోయింది. గదినిండా మూటలు. గోడకు మేకులు తప్ప ఏమీ లేవు.

"సామాను కట్టేసినం అమ్మా. గుప్పెడు బియ్యం గూడ చేతికి దొరకలే," అంది నజ్మా తల దించుకుని. "ఖాళీ చెయ్యమని గీతాంజలి భాభీ చెప్పింది గదా. మీకు ఎరుకే అనుకున్న."

లలితమ్మకు తెలియదు.

ఇంట్లోకొచ్చి అడిగితే కోడలు గీతాంజలి ఏమీ దాచలేదు. ఎదురుగా అపార్టుమెంట్లు లేస్తున్నాయి, మెట్రో వస్తుందంటున్నారు, గదులు బాగుచేస్తే ఆఫీసు ఉద్యోగులు దిగుతారు, లలితమ్మ కొడుకు నందుకూ ఇష్టమే అని చెప్పుకుంటూ పోయింది. అందులో అబద్ధమేమీ లేదు. లలితమ్మ అంతా విన్నది.

"వస్తరు బిడ్డా. వచ్చినంక ముందుగాల బర్రె వాసనొస్తుంది, తీసెయ్యమంటరు. తీసేస్తవు. నా ఒంటికి గూడ పేడ వాసనే ఉంటది. మరి నన్నేడ పెడ్తవు?"

గీతాంజలి చూపు వట్టి గిన్నె మీద పడింది. ఆమె పెరిగింది హుస్సేనీ ఆలంలో అద్దె ఇళ్లలోనే. ఇల్లు మారే రోజు పొయ్యి మూటలోకి పోయేది. ఆ పూట పిల్లలు హోటలు చాయ్‌లో బిస్కెట్లు ముంచుకుని తిని పడుకునేవాళ్లు. అది గుర్తొచ్చి ఆమెకు సిగ్గేసింది.

అత్త చేతిలోని గిన్నె తీసుకుని వాకిలి దాటింది. నజ్మా గదిలో నేల మీద కూర్చుని బియ్యం మూట ముందుకు లాక్కుంది. ముడి గట్టిగా పడింది, పళ్లతో విప్పాల్సి వచ్చింది. గుప్పెడు బియ్యం గిన్నెలో వేసి, "పోవద్దు నజ్మా. తప్పు చేసిన," అంది. నజ్మా మూట మీద తల పెట్టుకుని ఏడ్చింది.

"నజ్మా గిన్నె పంపింది అత్తమ్మా," అంది గీతాంజలి తిరిగొచ్చి.

లలితమ్మ గిన్నెలోకి చూసింది. కోడలి మొహంలోకి చూసింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఆమెను గూడ పిల్వు. పొయ్యి పెట్టేదాంక ఏం తింటది? జున్ను చల్లారింది, ఇద్దరు తినుండ్రి," అంది.