పదో వంతు నీళ్లు

బలిఘట్టం రోడ్డులో కళ్లద్దాల షాపు నడిపే వీరేంద్ర ఇంట్లో, పడమటి గదిలో ఒక గాజు తొట్టి ఉంది. ఉప్పునీటి తొట్టి. లోపల పగడాలు, రెండు నారింజరంగు చేపలు. సముద్రానికి ఇంత దూరంలో, నర్సీపట్నంలో ఇలాంటిది పెట్టుకోవాలన్న సరదా అతని భార్య గౌతమిది. కిందటి కార్తీకంలో సముద్ర స్నానానికి దిగిన ఆమెను అల లాక్కుపోయింది. అప్పుడు వీరేంద్ర ఒడ్డున ఫోన్ మాట్లాడుతున్నాడు. ఆమె వదిలివెళ్లిన వాటిలో ప్రాణమున్నది ఆ తొట్టి ఒక్కటే.

నీళ్లు మార్చే పద్ధతి ఆమె నేర్పిందే. ప్రతి సోమవారం పదో వంతు తీసెయ్యాలి. ఫిల్టర్ నీళ్లలో ఉప్పు కలిపి నీలం డ్రమ్ములో ఉంచిన కొత్త నీళ్లను సన్నటి గొట్టంతో, దానికి ఆకుపచ్చ బట్టల క్లిప్పు బిగించి, చుక్కచుక్కగా వదలాలి. ముందు ఒక చుక్క మణికట్టు లోపలివైపు వేసుకుని వేడి చూసుకునేది. "మారినట్టు వాటికి తెలియకూడదండీ," అనేది.

వేసవి మొదట్లో ఒక సోమవారం చూస్తే డ్రమ్ములో నీళ్లు తగ్గి ఉన్నాయి. తొట్టిలో మట్టం మాత్రం అద్దం మీది గీతకు సరిగ్గా ఉంది. ఎవరో అప్పటికే మార్చేశారు. మరి తీసిన నీళ్లేవి? బకెట్ ఎండిపోయి ఉంది. బాత్రూం గచ్చు పొడిగా ఉంది.

ఇంటికి వచ్చేది పనిమనిషి కామమ్మ ఒక్కతే. పన్నెండేళ్ల కిందట గౌతమి పెట్టుకున్న మనిషి. ఆమెకు ఉన్నది ఈ ఒక్క ఇంటి పనే. మరో రెండు సోమవారాలూ అలాగే జరిగాక వీరేంద్ర గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

తర్వాతి సోమవారం మధ్యాహ్నం చెప్పకుండా ఇంటికొచ్చాడు. మబ్బు పట్టి ఉంది. అతను గుమ్మం దాటగానే కరెంటు పోయింది. తొట్టి మోటారు ఆగింది. ఆ నిశ్శబ్దంలో, తాళం వేసిన గదిలోంచి... టప్... టప్... పచ్చి నాచు వాసన. తలుపు తీశాడు. ఎవరూ లేరు. గొట్టం తడిగా ఉంది. క్లిప్పు లేదు.

వంటింట్లో కామమ్మ ఊడుస్తోంది.

"క్లిప్పేది కామమ్మా?"

"ఏ క్లిప్పు బాబూ? నాను ఆ గది మొగం సూసి వారమయింది. తాళం మీ జేబులో ఎట్టుకుని నన్నడుగుతారేటి?"

"రేపట్నుంచి పనిలోకి రావద్దు."

ఆమె చీపురు ఆపింది. "అమ్మగోరుంటే ఈ మాట అననిచ్చేవోరా?"

ఆమెకు దాహం వేసింది. ఫిల్టర్ నీళ్లు సప్పగుంటాయని రోజూ తన సీసా తనే తెచ్చుకునేది. ఇవాళ అది ఖాళీ. వీరేంద్ర ఒక్కడే తాగే స్టీలు బిందెలో మొదటిసారి గ్లాసు ముంచింది. ఒక్క గుక్క. సింకులో ఉమ్మేసింది.

"ఏటిది బాబూ... సంద్రం నీళ్లు! ఇయ్యేటి తాగతన్నారు?"

"నాటకాలాడకు."

ఆమె అతని మొహం వైపే చూస్తోంది. గొంతు తగ్గించింది. "మీ పెదాలేటి... తెల్లగా... ఉప్పట్టినట్టు..."

సీసా కూడా మరచిపోయి వెళ్లిపోయింది. "ఇంక మీరు రమ్మన్నా రాను," అన్న మాట గేటు అవతల నుంచి వినిపించింది.

వీరేంద్ర ఉప్పు కొలిచే మీటరు తెచ్చాడు. తొట్టి నీళ్లు, ముప్పై అయిదు, సముద్రానికి ఉన్నంత ఉప్పు. తుడిచి, బిందెలోంచి ఒక చుక్క వేశాడు.

ముప్పై అయిదు.

మూడు వారాలుగా ఎంత తాగినా తీరని దాహం గుర్తొచ్చింది. గ్లాసు ముంచి తాగి చూశాడు. తియ్యగా ఉన్నాయి. ఎప్పటిలాగే... తియ్యగా. మారినట్టు అతనికి తెలియనే లేదు. ఇంకో గ్లాసు ముంచబోయి ఆగాడు. బిందె అంచుకు లోపలివైపు ఆకుపచ్చ క్లిప్పు పెట్టి ఉంది.

గ్లాసు పట్టుకున్న చేతి మణికట్టు మీద, లోపలివైపు, ఒక చుక్క పడింది.

తలెత్తాడు. పైకప్పు పొడిగా ఉంది.

చుక్క వేడిగా లేదు. చల్లగానూ లేదు. ఒంటి వేడికి సరిగ్గా సరిపోయింది.